మోనోవై జనాభా ఒకటా, రెండా? ఒక్కరే ఉంటే ఊరెలా అవుతుంది?

నయాగరా_నాని
అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రంలోని మోనోవై అనే ఊరి గురించి చదువుతుంటే ఒక విషయం మింగుడుపడలేదు. బోయ్డ్ కౌంటీలో ఉంది. రోడ్డు పక్కన ఆకుపచ్చ బోర్డు మీద జనాభా 1. 2010 జనగణనలోనూ 1. 2020 జనగణనలో మాత్రం 2. అక్కడ ఉన్నది ఎల్సీ ఐలర్ అనే పెద్దావిడ ఒక్కరేనని పేపర్లన్నీ రాశాయి, ఆవిడా అదే చెప్పారు. మరి ఆ రెండో మనిషి ఎవరు? ఒక్క మనిషిని సరిగ్గా లెక్కపెట్టలేనివాళ్లు 33 కోట్ల మందిని ఎలా లెక్కపెట్టారు?

ఇంకో ప్రశ్న కూడా. ఒక్కరే ఉంటే దాన్ని ఊరని ఎందుకనాలి? మన దగ్గర పొలంలో ఒంటరిగా ఇల్లుంటే దానికి ఊరి పేరు పెట్టం కదా.

బెజవాడ_బుల్లోడు
లెక్క రాయడానికి వెళ్లినాయన తనను కూడా కలిపేసుకుని ఉంటాడు.

లెక్కల_లక్ష్మి
నాని గారూ, అది లెక్క తప్పడం కాదు, కావాలని చేసిన పని. 2020లో జనగణన బ్యూరో డిఫరెన్షియల్ ప్రైవసీ అనే పద్ధతి మొదలుపెట్టింది. రాష్ట్రం మొత్తం జనాభా ఎంతో అది ఉన్నదున్నట్టు ఇస్తారు. ఒక్కో బ్లాకులో, అంటే జనగణన కోసం గీసుకున్న అతి చిన్న ముక్కలో, ఎన్ని ఇళ్లున్నాయో అది కూడా మార్చరు. కానీ ఊళ్లు, బ్లాకుల స్థాయిలో మనుషుల అంకెలకు కంప్యూటరు కొంచెం పైకో కిందికో సవరణ వేస్తుంది. లక్ష మంది ఉన్న ఊళ్లో అటో ఇటో ఇద్దరు మారితే ఎవరికీ తెలియదు. మోనోవైలో ఒక్కటి కలిస్తే జనాభా రెట్టింపైపోయింది.

కారణం చట్టం. ఏ మనిషి ఇచ్చిన సమాచారమూ బయటపడకూడదు. ఒక్కరే ఉన్న ఊళ్లో వయసు పట్టిక, జాతి పట్టిక, సొంతిల్లా అద్దిల్లా పట్టిక అన్నీ వేస్తే ఆ పట్టికలన్నీ కలిపి ఆ ఒక్క మనిషి ఫారమే కదా.

నయాగరా_నాని
లక్ష్మి గారూ, సాంకేతికంగా అర్థమైంది, మనసుకు మాత్రం ఒప్పలేదు. ఆవిడ వయసెంతో, భర్త ఎప్పుడు పోయారో ప్రపంచమంతా తెలుసు. ఎవరి దగ్గర దాస్తున్నారు? పైగా సర్కారు ముద్ర వేసి తప్పు అంకె ఇవ్వడం ఏమిటి? ఆ అంకెల మీదే నిధులు పంచుతారు, నియోజకవర్గాల గీతలు గీస్తారు.

లెక్కల_లక్ష్మి
పేపరువాళ్లతో మాట్లాడాలా వద్దా అన్నది ఆవిడ ఇష్టం. ఫారం నింపడం ఆవిడ ఇష్టం కాదు, చట్టప్రకారం నింపాల్సిందే. బలవంతంగా అడిగి తీసుకున్నదాన్ని కాపాడే బాధ్యత తీసుకున్నవాళ్లదే. మీ అభ్యంతరం మీకొక్కరికే వచ్చింది కాదు. ఈ పద్ధతి మీద అలబామా రాష్ట్రం 2021లో కోర్టుకు కూడా వెళ్లింది. కానీ బ్యూరో తానే 2010 పట్టికలను తిరగేసి పరీక్షించుకుంది. అచ్చేసిన అంకెలన్నీ కంప్యూటర్లో పోసి వెనక్కి లాగితే చాలామంది మనుషుల వివరాలు మళ్లీ బయటికొచ్చాయి. అందుకే మార్చారు.

పంపు_పరంధామం
లక్ష్మి గారు చెప్పింది నాకు నేరుగా తగిలే మాట. మాది మైదాన ప్రాంతంలో చిన్న ఊరు, గ్యాస్ స్టేషన్, దానికో కొట్టు. మా బ్లాకులో ఆసియా ఇండియన్ అని రాసిన కుటుంబం మాదొక్కటే. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు, అద్దె ఇల్లు అని పట్టికలో కనిపిస్తే అది మేమేనని ఎవరికైనా తెలుస్తుంది. అటో ఇటో ఒక మనిషిని కలిపినా తీసేసినా నాకు సంతోషమే.

పటాల_ప్రసాద్
నాని రెండో ప్రశ్నకు వస్తాను. అమెరికాలో ఊరు అంటే ఇళ్ల గుంపు కాదు, నమోదైన సంస్థ. మోనోవై అలా నమోదైన గ్రామం. విస్తీర్ణం 0.21 చదరపు మైళ్లు, అంటే సుమారు 134 ఎకరాలు. నమోదయ్యాక జనం తగ్గినంతమాత్రాన దానంతటది రద్దయిపోదు. పన్ను వేసి, బడ్జెట్ రాసి, కాగితాలు పంపేవాళ్లుంటే చాలు. ఎల్సీ గారే మేయరు, గుమాస్తా, కోశాధికారి. ఊళ్లో ఉన్న టావెర్న్, అంటే బీరూ తిండీ దొరికే చోటు, నడిపేదీ ఆవిడే కాబట్టి మద్యం లైసెన్సు అర్జీ మీద సంతకమూ ఆవిడదే, మంజూరూ ఆవిడదే. ఊళ్లో నాలుగు వీధిదీపాలున్నాయి. వాటికి రాష్ట్రం డబ్బు రావాలంటే ఏటా రోడ్ల ప్రణాళిక రాసి పంపాలి. అదీ ఆవిడే రాశారు. నీళ్లకూ దీపాలకూ తన మీద తానే పన్ను వేసుకుని వసూలు చేశారు.

బెజవాడ_బుల్లోడు
పన్ను బకాయిల్లేని ఊరన్నమాట! ఎన్నికల్లో డిపాజిట్ పోయే భయమూ లేదు.

వరంగల్_వినోద్
ప్రసాద్ అన్నా, మన దగ్గర ఇందుకు సరిగ్గా తిరగేసిన సంగతి ఉంది. రెవెన్యూ రికార్డులో గ్రామం పేరుంటుంది, సర్వే నంబర్లుంటాయి, ఒక్క మనిషి కూడా ఉండడు. వాటిని బేచిరాగ్ గ్రామాలంటారు. మా తాత పహాణీ నకలు తీయించినప్పుడు పక్క గ్రామం అలాంటిదేనని తెలిసింది. మనకు ఊరంటే భూమి లెక్క, వాళ్లకు ఊరంటే పాలన లెక్క అనుకుంటా.

పటాల_ప్రసాద్
వినోద్, బాగా చెప్పావ్. అమెరికాలోనూ నమోదు కాని ఊళ్లు బోలెడు. వయోమింగ్‌లో బ్యూఫోర్డ్ అలాంటిదే. ఐ-80 హైవే మీద షయాన్, లారమీల మధ్య, 8,000 అడుగుల ఎత్తున ఉంటుంది. అక్కడా చాలాకాలం ఒక్కరే ఉన్నారు. 2012లో వేలం వేస్తే వియత్నాం వ్యాపారి ఒకాయన 9 లక్షల డాలర్లకు కొన్నాడు. ఊరు కొన్నాడని పేపర్లు రాశాయి కానీ నిజానికి ఆయన కొన్నది స్థలం, పెట్రోలు బంకు, ఇల్లు. మోనోవైని అలా వేలం వెయ్యలేరు, అది ఒకరి ఆస్తి కాదు.

ఎండీ_మాధవి
అసలు అక్కడ ఊరు ఎందుకు పుట్టింది? ఎందుకు ఖాళీ అయింది? ఆ భాగం ఎవరైనా చెప్తారా? జనాభా ఒకటి అనేది చివరి అంకె మాత్రమే.

పటాల_ప్రసాద్
చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

నెబ్రాస్కా పటంలో ఈశాన్య మూల చూడండి. ఉత్తరాన మిస్సోరీ నది, దక్షిణాన నయోబ్రారా నది. ఈ రెండింటి మధ్య ఇరుకు నేల మీద, దక్షిణ డకోటా సరిహద్దుకు ఆనుకుని బోయ్డ్ కౌంటీ ఉంటుంది. రెండు నదులూ కలిసేది మోనోవైకి తూర్పున, నయోబ్రారా ఊరి దగ్గర. ఇక్కడి నేల మనమనుకునే అమెరికా మైదానంలా బల్లపరుపు కాదు. గడ్డి గుట్టలు, కోసుకుపోయిన వాగులు, పాంకా క్రీక్ అనే ఏరు. 100వ రేఖాంశానికి కొంచెం తూర్పునే ఉంది. అక్కడి నుంచి పడమటికి పోయేకొద్దీ వాన తగ్గిపోతుంది. మంచి ఏడాది మొక్కజొన్న పండుతుంది, చెడ్డ ఏడాది గడ్డి, పశువులే దిక్కు.

1902లో ఫ్రీమాంట్, ఎల్క్‌హార్న్ అండ్ మిస్సోరీ వ్యాలీ రైలు మార్గాన్ని వెర్డిగ్రీ నుంచి ముందుకు పొడిగించారు. మోనోవై ప్లాట్లు గీసింది అప్పుడే. ఆ వరసలో నయోబ్రారా, వెర్డెల్, మోనోవై, లించ్, బ్రిస్టో, స్పెన్సర్ అన్నీ కొద్ది మైళ్ల దూరంలో ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ఈ దూరం గుర్రబ్బండి దూరం. రైతు పొద్దున్నే ధాన్యం బండి కట్టుకుని స్టేషనుకొచ్చి, అమ్ముకుని, సరుకులు కొనుక్కుని సాయంత్రానికి ఇంటికి చేరగలగాలి. అంటే ఈ ఊళ్లు కట్టింది బండి గుర్రం ఒక్కరోజులో ఎంత దూరం పోయిరాగలదో లెక్కేసుకుని. కార్లొచ్చాక, రోడ్లొచ్చాక ఇంత దగ్గరదగ్గరగా ఇన్ని ఊళ్ల అవసరం పోయింది. ఆరింటిలో ఒకటో రెండో నిలిచాయి.

బోయ్డ్ కౌంటీ జనాభా 1910లో 8 వేలు దాటింది. 2010లో 2,099. 2020లో 1,810. మోనోవై 1930లో 150 అని పత్రికలు రాస్తుంటాయి కానీ ఆ ఏటి జనగణన అంకె 123. 1980కి 18, 1990కి 6, 2000కి ఇద్దరు, ఎల్సీ గారూ ఆవిడ భర్త రూడీ గారూ.

లెక్కల_లక్ష్మి
ఇందులో 1930 తర్వాత పడిపోవడానికి కరువు, ధరల పతనం రెండూ కలిశాయి. ఆ దశకంలో మైదాన రాష్ట్రాలన్నిటి నుంచీ జనం పోయారు. ఆ తర్వాత ట్రాక్టర్లు. 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద ఒక కుటుంబానికి ఇచ్చింది 160 ఎకరాలు. ఇవాళ ఆ పొడినేలలో 160 ఎకరాలతో ఒక కుటుంబం గడవదు. ఒక్కరు ఎన్నో రెట్లు సాగు చేస్తారు. పొలాలు ఖాళీ కాలేదు, మనుషులే ఖాళీ అయ్యారు.

పంపు_పరంధామం
ప్రసాద్ గారు రైలంటున్నారు, లక్ష్మి గారు ట్రాక్టరంటున్నారు. చిన్న ఊళ్లో కొట్టు నడిపేవాడిగా నేనొకటి చెప్తా. ఊరిని చంపేది బడి మూత. మా ఊళ్లో హైస్కూలు పక్క ఊరి బడిలో కలిపేశారు. అంతకుముందు శుక్రవారం సాయంత్రం ఫుట్‌బాల్ మ్యాచ్ ఉంటే నా కొట్లో పిజ్జా ముక్కలు నిలిచేవి కావు. పిల్లల్ని దించడానికొచ్చే తల్లులు పాలు, బ్రెడ్డు కొనేవారు. ఇప్పుడు వాళ్లంతా పక్క ఊరి వాల్‌మార్ట్‌లో కొనుక్కుని వస్తారు. పొద్దున ఆరింటికి కాఫీ టేబుల్ దగ్గర చేరే ముసలి రైతులే ఇవాళ నా ఖాయం గిరాకీ. ఎవరు ముందొస్తే వాళ్లే కాఫీ కలిపి డబ్బులు కౌంటరు మీద డబ్బాలో వేస్తారు. నేను తలుపు తీస్తే చాలు.

మోనోవైలో బడి ఎప్పుడు మూసేశారు?

పటాల_ప్రసాద్
1974లో. పోస్టాఫీసు అంతకుముందే పోయింది. చర్చిలో ఆఖరి అంత్యక్రియలు 1960లో, అది ఎల్సీ గారి తండ్రివే.

పంపు_పరంధామం
చూశారా! 1974లో బడి పోయింది, 1980కి 18 మంది, 1990కి ఆరుగురు.

లెక్కల_లక్ష్మి
పరంధామం గారూ, 1970లోనే 16 మంది. బడి పోవడం కారణం కంటే ఫలితమేమో. పిల్లల్లేకే బడి మూశారు.

పంపు_పరంధామం
ఉన్న కొద్దిమంది పిల్లల తల్లిదండ్రులకు ఆఖరి కారణం పోతుంది కదమ్మా. కొత్త జంట ఆ ఊళ్లో ఎందుకు దిగుతుంది?

ఎండీ_మాధవి
నేనిద్దరితోనూ ఏకీభవిస్తాను కానీ ఆసుపత్రి మాట మరిచిపోయారు. మోనోవైకి పడమట ఉన్న లించ్ నిలిచిందంటే అక్కడ చిన్న ఆసుపత్రి ఉండటం ఒక కారణమని నా నమ్మకం.

నేను వేరే రాష్ట్రంలో ఇలాంటి ఊళ్లోనే పనిచేస్తున్నాను. మనవాళ్లకు తెలిసిన దారే. జే1 వీసా మీద రెసిడెన్సీ, అంటే డాక్టరు శిక్షణ, చేస్తే రెండేళ్లు ఇండియా వెళ్లిరావాలి. డాక్టర్ల కొరత ఉన్నచోట మూడేళ్లు పనిచేస్తే ఆ నిబంధన మాఫీ చేస్తారు. కాన్‌రాడ్ 30 అంటారు, రాష్ట్రానికి ఏడాదికి 30 స్థానాలు. మా ఆసుపత్రి క్రిటికల్ యాక్సెస్ కోవలోది, అంటే 25 పడకలు మించకూడదు. కాన్పులు ఆపేశారు. నొప్పులొస్తే గంటకు పైగా కారు నడుపుకుని పోవాలి.

జనాభా తక్కువంటే పని తక్కువని రాకముందు అనుకుంటారు. కోతల కాలంలో ఒకాయన వేలికి వంటింటి తువ్వాలు చుట్టుకుని వచ్చాడు. ధాన్యం ఎత్తే ఆగర్‌లో పడిందట. పొద్దున తగిలిన దెబ్బకు సాయంత్రం వచ్చాడు. ఎందుకింత ఆలస్యమంటే వాన వచ్చేలా ఉంది, మిగిలిన పొలం ముక్క కోసేసి వచ్చానన్నాడు. తువ్వాలు రక్తంతో బిగుసుకుపోయి ఊడి రాలేదు, సెలైన్ పోసి నానబెట్టి తీశాం. ఆయనకు బదులు కోత మిషన్ ఎక్కడానికి ఇంకో మనిషి లేడు. ఊరి జనాభా తగ్గడమంటే నాకు కనిపించేది అదీ.

వరంగల్_వినోద్
డాక్టరమ్మా, మీ పోస్టు చదివి కాసేపు అలాగే కూర్చున్నా.

కృష్ణ_ఒడ్డు
అందరూ 1902 నుంచి మొదలుపెట్టారు. ఆ నేల అంతకుముందు ఖాళీగా లేదు. నయోబ్రారా, మిస్సోరీ కలిసే చోటు పాంకా జాతి వాళ్ల గడ్డ. 1877లో అమెరికా సైన్యం వాళ్లను బలవంతంగా దక్షిణాన ఇప్పటి ఓక్లహోమాకు నడిపించింది. దారిలోనూ, చేరాకా చాలామంది పోయారు. నాయకుడు స్టాండింగ్ బేర్ కొడుకు తనను సొంత గడ్డ మీదే పూడ్చమని అడిగి చనిపోయాడు. ఆ శవాన్ని తీసుకుని ఆయన చలికాలంలో వెనక్కి బయల్దేరితే మధ్యలో అరెస్టు చేశారు. 1879లో ఒమాహా కోర్టులో జడ్జి డండీ, ఆదివాసీ కూడా చట్టం దృష్టిలో మనిషేనని తీర్పిచ్చాడు. ఇప్పుడు మోనోవైలో మిగిలిన ఒక్క మనిషి గురించి మాట్లాడేటప్పుడు, అదే నేల మీద అప్పట్లో ఏకంగా ఒక జాతినే మనుషుల లెక్కలో వెయ్యలేదన్న సంగతి కూడా చెప్పుకోవాలి.

నయాగరా_నాని
ఇది నాకు తెలియదు. రాసినందుకు థాంక్స్.

కృష్ణ_ఒడ్డు
ఇంకోటి. నయోబ్రారా ఊరు రెండుసార్లు చోటు మారింది. మొదటిసారి 1881 వరదకు. రెండోసారి 1970లలో. దిగువన గావిన్స్ పాయింట్ డ్యామ్ కట్టాక ఇసుక మేటలు పడి, భూగర్భ జలం పైకొచ్చి నేలమాళిగల్లోకి నీళ్లు వచ్చేశాయి. ఊరిని ఎత్తయిన చోటికి మార్చారు. మా అమ్మమ్మవాళ్ల ఊరు శ్రీశైలం ముంపులో పోయింది కాబట్టి ఇది చదివినప్పుడు నాకు వేరేగా అనిపించలేదు.

పటాల_ప్రసాద్
2019 మార్చి సంగతి కూడా కలపాలి. పెద్ద తుఫాను వచ్చి, మంచు కరిగి, నయోబ్రారాలో మంచు దిమ్మలు కొట్టుకొచ్చి స్పెన్సర్ డ్యామ్‌ను తెంచేశాయి. హైవే 281 వంతెన పోయింది. బోయ్డ్ కౌంటీకి నీళ్లిచ్చే పైపులైను పోయింది. కొద్దిమంది ఉన్న కౌంటీలో ఒక వంతెన పోతే ఎంత చుట్టు తిరగాలో ఊహించుకోండి.

శాన్‌హోసే_శ్రీను
నాకు మాత్రం ఇలాంటి ఊళ్లను ఇంత మురిపెంగా చూడటం నచ్చదు. ఒక్కరి కోసం వీధిదీపాలు, రోడ్లు, నీళ్లు. ఊరు రద్దు చేసి కౌంటీలో కలిపేస్తే ఖర్చు తగ్గుతుంది. 2018లో ఆర్బీస్ కంపెనీ అక్కడ పరిచిన ప్రకటన పోస్టరు ప్రపంచంలోకెల్లా పెద్దదని గిన్నిస్ రికార్డు. ఊరు ఒక ప్రదర్శన వస్తువైపోయింది.

ఒమాహా_అఖిల
శ్రీను గారూ, ఒకసారి వెళ్లి చూడండి. మేం కుటుంబంతో వెళ్లాం. ఒమాహా నుంచి దాదాపు నాలుగు గంటల దారి. ఆఖర్న హైవే 12 మీద గుట్టలు ఎక్కుతూ దిగుతూ పోతాం. ఊరంటే చెట్లు మూసుకుపోయిన పాత ఇళ్లు, కప్పు కుంగినవి కొన్ని, మధ్యలో టావెర్న్. బోర్డు మీద ఊళ్లోకెల్లా చల్లని బీరు మా దగ్గరే అని రాసుంటుంది.

లోపల మాకు కనిపించింది ప్రదర్శన కాదు. చుట్టుపక్కల రైతులు, ట్రక్కు తోలేవాళ్లు, బర్గరు తింటూ ఎవరి ఆవు ఈనిందో, ఎవరి పంపు పాడైందో మాట్లాడుకుంటున్నారు. ఆ టావెర్న్‌ను భార్యాభర్తలు 1971లో తెరిచారు. అంటే జనాభా లెక్కలో ఒక్కరే అయినా, ఆ బల్లల దగ్గర వాలేవాళ్లు ఓ పెద్ద పరగణా అంత మంది. వాళ్లకు కూర్చునే చోటు అదొక్కటే.

పక్కన చిన్న గదిలో రూడీ లైబ్రరీ. రూడీ గారు 2004లో పోయారు. ఆయన చదివి దాచిన పుస్తకాలు, సుమారు 5,000, గోడల నిండా అల్మారాల్లో సర్దారు. మా అబ్బాయి అక్కడ నేల మీద కూర్చుని లేవనన్నాడు.

శాన్‌హోసే_శ్రీను
అఖిల గారూ, టావెర్న్ ఉండటానికి ఊరు నమోదై ఉండక్కర్లేదు కదా. కౌంటీలో కలిపినా టావెర్న్ ఉంటుంది.

ఒమాహా_అఖిల
ఉంటుంది. కానీ ఊరు అక్కడివాళ్ల చేతిలో ఉన్నంతకాలం దీపం ఆర్పాలా వద్దా అన్నది అక్కడే తేలుతుంది. కౌంటీ ముఖ్యపట్టణం బ్యూట్‌లో కూర్చున్నవాళ్లు తేల్చరు. ఖర్చు ఎంత? తన మీద తాను వేసుకున్న పన్ను ఏడాదికి సుమారు 500 డాలర్లని చదివాను. మీ ఊళ్లో ఒక ట్రాఫిక్ లైటుకు ఇంతకంటే ఎక్కువవుతుంది.

బెజవాడ_బుల్లోడు
అఖిల గారికి నా ఓటు. ఊళ్లో ఓట్లు తక్కువ కాబట్టి ఇది కూడా లెక్కలోకి వస్తుందేమో.

మిన్నెసోటా_మల్లి
బోయ్డ్ కౌంటీలోనే గ్రాస్ అనే ఇంకో ఊరుంది, 2010లో ఇద్దరు. దాన్నెవరూ పట్టించుకోరు పాపం. ఒకటికీ రెండుకీ ఇంత తేడా!

ఇంకా వింతైనవి కావాలంటే అలాస్కాలో విట్టియర్. 2020లో 272 మంది. దాదాపు అందరూ బెగిచ్ టవర్స్ అనే 14 అంతస్తుల భవనంలో ఉంటారు. బడికి సొరంగం గుండా వెళ్తారు. ఊరికి రోడ్డు దారి కూడా నాలుగు కిలోమీటర్ల సొరంగమే. ఒకే వరుస, రైలూ కార్లూ వంతులవారీగా పోవాలి. రాత్రి మూసేస్తారు.

వరంగల్_వినోద్
అంటే ఊరంతా ఒకటే అపార్ట్‌మెంట్. అసోసియేషన్ మీటింగే గ్రామసభ.

లెక్కల_లక్ష్మి
పెన్సిల్వేనియాలో సెంట్రాలియా మరో రకం. 1962 నుంచి నేల కింద బొగ్గు మండుతోంది. 1980లో వెయ్యి మంది, 2020లో ఐదుగురు. 2002లో దాని జిప్ కోడ్, మన పిన్‌కోడ్ లాంటిది, తీసేశారు. మోనోవై మెల్లగా ఎండిపోయింది, సెంట్రాలియాను ఖాళీ చేయించారు. రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు.

నయాగరా_నాని
లక్ష్మి గారూ, మళ్లీ మొదటి మాటకే వస్తున్నాను, వదిలేలా లేను. ఇంతమంది ఇన్ని సంగతులు చెప్పాక నా అభ్యంతరం ఇంకా గట్టిపడింది. 123, 18, 6, 2, 1 అనే వరసలో ఒక ఊరి చరిత్ర మొత్తం ఉంది. ఆ తర్వాత 2 అని రాస్తే ఏ వందేళ్ల తర్వాతో చదివేవాడు ఊరు కాస్త కోలుకుందనుకుంటాడు. రహస్యం కాపాడాలంటే ఆ పట్టికలో వయసు, జాతి గడులు ఖాళీగా వదిలేయొచ్చు. తల లెక్క మాత్రం నిజంగా ఉండాలి.

లెక్కల_లక్ష్మి
మీ వాదనలో బలముంది. ఊళ్ల జనాభాను కూడా మార్చకుండా ఉంచమని చాలామంది అడిగారు. ఇబ్బందల్లా ఒక్కటే. ఒక్కో అంకెను స్థిరంగా ఉంచేకొద్దీ మిగతావి వెనక్కి లాగడం సులువవుతుంది. అసలు ఫారాలు 72 ఏళ్ల తర్వాత బయటపెడతారు, అంటే 2020వి 2092లో. ఆ వందేళ్ల తర్వాత చదివేవాడికి అసలు ఫారమే దొరుకుతుంది, దాని మీద ఒక్క పేరే ఉంటుంది.

నయాగరా_నాని
72 ఏళ్ల సంగతి విన్నాక కొంత నయమనిపించింది. అయినా పట్టిక కింద ఒక గమనిక వేసుండాల్సింది.

మిన్నెసోటా_మల్లి
అఖిల గారూ, వేసవిలో అటు వెళ్దామనుకుంటున్నాం, ఇద్దరు చిన్నపిల్లలతో. ఇంకేం చూడొచ్చు?

ఒమాహా_అఖిల
దక్షిణాన రాయల్ దగ్గర యాష్‌ఫాల్ ఫాసిల్ బెడ్స్ చూడండి. సుమారు 1 కోటి 20 లక్షల ఏళ్ల కిందట అగ్నిపర్వతం బూడిదలో కూరుకుపోయిన ఖడ్గమృగాల ఎముకలు పడినవి పడినట్టే ఉంటాయి, పిల్లలకు బాగా నచ్చుతుంది. తర్వాత నయోబ్రారా స్టేట్ పార్కులో నదులు కలిసే చోటు. ఓనీల్‌లో ట్యాంకు నిండా పెట్రోలు కొట్టించుకోండి, ఆ తర్వాత ఫోన్ సిగ్నల్ కూడా వస్తూ పోతూ ఉంటుంది. టావెర్న్‌కు ముందే ఫోన్ చేసి తెరిచి ఉందో లేదో కనుక్కుని బయల్దేరండి.